చక్కెర పరీక్ష: నీలిరంగు మారలేదని నిశ్చింత తగునా?

జహీరాబాద్ ప్రాంతము చెరకు తోటలకును, దాని చెంతనున్న కోహీర్ జామపండ్లకును పేరెన్నిక గన్నవి. సంగారెడ్డి ఫల పరిశోధనా స్థానమున కోహీర్ జామను అలహాబాద్ సఫేదాతో సంకరపరచి ‘కోహీర్ సఫేదా’ అను రకమును రూపొందించిరి. ఇట్టి తీపి పండు సీమలోను నేడు మధుమేహము మాట వినరాని ఇల్లు అరుదు. “పంచదార మాని బెల్లము వాడుచున్నాము, మూత్రపరీక్షలో రంగు మారలేదు, ఇక భయమేల?” అని వైద్యుని అడుగువారు పలువురు. ఈ ఒక్క ప్రశ్నలో రెండు భ్రమలు దాగియున్నవి. వానిని తెలిసికొనుటకు ఒక చిన్న గాజుగొట్టము చాలును.

ప్రాచీనుల పరిశీలన

చరకసంహితలో ప్రమేహములు 20 విధములని చెప్పబడినవి. కఫము వలన 10, పిత్తము వలన 6, వాతము వలన 4. కఫజ ప్రమేహములలో ఒకదానికి చెరకురసమును బట్టియే పేరు వచ్చినది. మూత్రమునకు చీమలు చేరుటను రాబోవు వ్యాధికి గుర్తుగా ఆనాడే గ్రహించిరి. 1776లో మాథ్యూ డాబ్సన్ అను ఆంగ్ల వైద్యుడు రోగి మూత్రమును ఇగిర్చి, మిగిలినది చక్కెరయని చూపెను. 1909లో అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు స్టాన్లీ బెనెడిక్ట్ ప్రచురించిన ద్రావకము చక్కెర పాలును రంగులలో తెలుపు సాధనమైనది.

రంగు మారుట ఎట్లు?

మైలుతుత్తము, సోడియం కార్బొనేట్, సోడియం సిట్రేట్ నీటిలో కరగించగా ఏర్పడునదే ఈ నీలి ద్రావకము. గ్లూకోజ్ వంటి చక్కెర దీనితో కలిసి కాగినపుడు మైలుతుత్తములోని రాగి రూపము మారి ఎర్రని మడ్డిగా దిగును. చక్కెర స్వల్పమైన ఆకుపచ్చ, పెరిగినకొలది పసుపు, నారింజ, తుదకు ఇటుక ఎరుపు కనబడును.

పాఠశాల ప్రయోగశాలలో ఉపాధ్యాయుల సమక్షమున పిల్లలు దీనిని చూడవచ్చును. విటమిన్లు కలుపని గ్లూకోజ్ పొడి 2 గ్రాములు నీటిలో కరగించి, మొత్తము 100 మిల్లీలీటర్లు చేసిన అది 2 శాతము ద్రావణము. అందు కొంత తీసి సమానముగా నీరు కలిపిన 1 శాతము, మరల అట్లే చేసిన అర శాతము, మరల చేసిన పావు శాతము. ఒక్కొక్క గొట్టములో 5 మిల్లీలీటర్ల ద్రావకమునకు 8 చుక్కలు వేసి, ఉడుకు నీటిలో 5 నిమిషములు నిలుపవలెను. పావు శాతము ఆకుపచ్చగాను, 2 శాతము ఇటుక ఎరుపుగాను తేలును; తక్కినవి నడిమి రంగులు చూపును. వట్టి నీరు వేసిన గొట్టము నీలముగనే నిలుచును. మైలుతుత్తము విషము గనుక ఇంటి వంటపాత్రలలో ఈ పని చేయరాదు.

మొదటి భ్రమ: పంచదార, బెల్లము

ఇక పంచదార నీటిని పరీక్షించిన వింత కనబడును. ఎంత గాఢముగా కలిపినను రంగు మారదు! బెల్లము నీరు, తేనె మాత్రము రంగు మార్చును. తేనెలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ మెండు. బెల్లములో వాని పాలు కొంత గలదు. పంచదారలో ఆ రెండును ఒకదానితో నొకటి పెనవేసికొని యుండుటచే ద్రావకమునకు చిక్కవు. కాని మన చిన్నప్రేవులలో ఆ ముడి విడిపోయి, గ్లూకోజ్ రక్తమున చేరును. గొట్టములో నీలముగా నిలిచినంత మాత్రమున పంచదార నిరపాయకరము కాదు. బెల్లములోను అధికభాగము ఆ పంచదారయే. కనుక మధుమేహికి పంచదార బదులు బెల్లము పథ్యము కానేరదు.

రెండవ భ్రమ: మూత్రము నీలముగా నుండుట

రక్తములో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు (100 మిల్లీలీటర్లకు) దాటిన పిదపనే సాధారణముగా మూత్రమున కనబడును. పరగడుపున 126 గాని, అంతకు మించి గాని యుండుట మధుమేహ లక్షణము. అనగా 130, 150 ఉన్నవారి మూత్రము నీలముగనే యుండవచ్చును. వ్యాధి మాత్రము లోలోపల కన్నులను, మూత్రపిండములను, నరములను తొలుచుచుండును. రంగు మారిన ప్రతివారికిని మధుమేహమే యనుటయు తగదు. గర్భిణులలో, బాలింతలలో, విటమిన్ సి మాత్రలు అధికముగా తీసికొనువారిలో రంగు మారవచ్చును. నేడు ఇచ్చు డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు చక్కెరను మూత్రము ద్వారానే వెడలించును గనుక వారిలో రంగు మారుట సహజము.

గృహస్థులు చేయవలసినది

తల్లిదండ్రులకు మధుమేహమున్నవారు, స్థూలకాయులు, 30 ఏండ్లు దాటినవారు రక్తపరీక్ష చేయించుకొనవలెను. యవలు, కాకరకాయ, మెంతులు, నిత్యము నడక ప్రమేహికి మేలు చేయునవే. అయినను వానిని నమ్మి, వైద్యుడిచ్చిన మాత్రలను, ఇన్సులిన్‌ను తమంతట తాము మానరాదు. కోహీర్ జామపండును రసము తీయక, మితముగా, భోజనములో లెక్కకట్టి తినవచ్చును. పీచు పోయిన రసము రక్తమున చక్కెరను త్వరితముగా పెంచును.

గాజుగొట్టము తనలో వేసిన చుక్కలను గూర్చియే చెప్పును. శరీరము మాట తెలియవలెనన్న రక్తపరీక్షయే శరణ్యము.