ఈ రోజు వంతు ఎవరిది?

2007 నవంబరు. దుబాయిలో అల్ కూజ్ ప్రాంతం, కార్మికుల క్యాంపు. పెట్టె ఇంకా నా చేతిలోనే ఉంది. ఏ మంచం నాదో ఎవరూ చెప్పలేదు గానీ, గోడకు అంటించిన అట్టముక్క మీద బుధవారం పక్కన నా పేరు అప్పటికే రాసి ఉంది. అది వంట వంతుల పట్టిక. రాసినాయన గదిలో పెద్దవాడు. ఊరు మెట్‌పల్లి కాబట్టి అందరూ మెట్‌పల్లి కాక అనేవారు.

"నాకు వంట రాదు కాకా" అన్నాను.

"రాకుంటే నేర్చుకుంటవ్ బిడ్డా. బుధవారానికి ఇంక మూడు రోజులున్నయ్" అన్నాడు.

పరాయి దేశంలో పనికి కుదురుకోవడం గురించి సంచికకు రాయమని అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ అట్టముక్కే. వీసా, బతాకా (గుర్తింపు కార్డు), జీతం అన్నీ ముఖ్యమే, వాటి దగ్గరికి వస్తాను. కానీ మనిషిని నిలబెట్టింది ఏమిటని అడిగితే మాత్రం నేను వంట వంతు అనే చెబుతాను.

మా గదిలో మంచం మీద మంచం చొప్పున ఎనిమిది పడకలు. ఏడుగురం తెలుగువాళ్లం. ఎనిమిదో మనిషి నేపాలీ, పక్క గదిలో తన వాళ్లతో కలిసి తినేవాడు. ఏడుగురిలో నలుగురం జగిత్యాల, నిర్మల్ వైపు వాళ్లం. ఇద్దరిది కడప జిల్లా. ఒకాయనది పాలకొల్లు. శుక్రవారం సెలవు, ఆ రోజు వంట కాకది. మిగతా ఆరు రోజులూ తలా ఒక రోజు. బియ్యం, నూనె, పప్పులకు నెల మొదట్లో అందరం సమానంగా వేసుకునేవాళ్లం. లెక్క నోటుబుక్కులో ఉండేది, అది ఎవరైనా తీసి చూడొచ్చు. గదిలో పొయ్యి పెట్టకూడదు. కారిడార్ చివర ఉమ్మడి వంటగది, వరుసగా బర్నర్లు, ఒక్కో గదికి ఒక్కో బర్నరు.

నా పని స్టోరులో. తెల్లవారుజామున మూడున్నరకు లేస్తే తప్ప స్నానాల దగ్గర వరుస తప్పదు. ఐదింటికి బస్సు. సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఏడు. ఇంటి మీద మనసు గుంజడాన్ని మా వైపు రంది అంటారు. బెంగ అన్నా తప్పు కాదు గానీ, రందిలో కొంచెం చింత, కొంచెం భయం కూడా కలిసి ఉంటాయి. పనిలో ఉండగా రంది రాదు. సిమెంటు బస్తాల లెక్క తప్పితే ఫోర్‌మన్ ఊరుకోడు, బుర్ర అక్కడే ఉంటుంది. తిరుగు బస్సులో వస్తుంది. కిటికీకి తల ఆనించి అందరూ నిద్రపోతుంటారు, మనకు మాత్రం నిద్ర పట్టదు.

దానికి తోడు గడియారం ఒకటి. దుబాయి కన్నా మన దేశం గంటన్నర ముందు. చిన్న తేడా అనిపిస్తుంది. మేం బస్సు దిగేసరికి ఇంట్లో ఎనిమిదిన్నర. స్నానం, వంట, తిండి అయ్యేసరికి ఇక్కడ తొమ్మిదిన్నర, అక్కడ పదకొండు, పిల్లలు నిద్రపోయి ఉంటారు. అందుకే పెళ్లయినవాళ్లు పొద్దున బస్సెక్కే ముందు ఫోను చేసేవారు. అక్కడ అప్పుడే తెల్లవారి, ముఖాలు కడుగుతుంటారు. అప్పట్లో గీకి నంబరు చూసుకునే కార్డులే దిక్కు. ఇప్పుడు వీడియోలో ముఖాలు చూసుకోవచ్చు. కాకపోతే ఇక్కడ వాట్సాప్‌లో కాల్స్ పనిచేయవు, అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లే వాడాలి. బయలుదేరే ముందే అమ్మ ఫోనులో అది వేసి, ఎలా ఎత్తాలో నేర్పి రండి. వచ్చాక ఇక్కడి నుంచి చెప్పి వేయించడానికి వారం పడుతుంది. కొత్తగా వచ్చిన మనిషికి ఆ వారం చాలా బరువు.

బుధవారం వచ్చింది. పొయ్యితో పెద్దగా పని లేనిది చెయ్యమన్నాడు కాక. పచ్చి పులుసు. దిగినప్పటి నుంచి ఇంటికి మూడుసార్లు ఫోను చేశాను, మూడుసార్లూ అటు అమ్మ, ఇటు నేను ఏడవడంతోనే కార్డు అయిపోయింది. నాలుగోసారి "అమ్మా, ఏడుగురికి చింతపండు ఎంత నానబెట్టాలె?" అని అడిగాను. ఆమె గొంతు ఒక్కసారిగా మారిపోయింది. నిమ్మకాయంత సరిపోదు, పెద్ద పిడికెడు కావాలంది. మిరపకాయలు కాల్చి ఉల్లిగడ్డతో కలిపి చేత్తో పిసకమంది. నువ్వుల పొడి దొరుకుతుందా అంది. బెల్లం ఇంత వెయ్యి, ఎక్కువ వేస్తే కడపోళ్లు తినరేమో అంది. కార్డులో ఉన్న నిమిషాలన్నీ చింతపండు మీదే గడిచాయి. వచ్చిన తర్వాత మా అమ్మా నేనూ ఏడవకుండా మాట్లాడుకున్నది అదే మొదటిసారి.

ఆ రాత్రి ఉప్పు ఎక్కువైంది. ఎవరూ ఏమీ అనలేదు. పాలకొల్లు అన్నయ్య రెండు కోడిగుడ్లు తెచ్చి అట్టు వేశాడు. నేను పెడితే ఆరుగురు తిన్నారు. ఆ గదిలో నాకు మంచం దొరికింది ఆదివారమైనా, చోటు దొరికింది మాత్రం ఆ బుధవారమే.

తరువాత ఎన్నో నేర్చుకున్నాను. మేం పుంటికూర అనేదాన్ని కడప, పాలకొల్లు వాళ్లు గోంగూర అంటారు. మేం పప్పులో వేస్తాం, వాళ్లు పచ్చడి నూరతారు. ఆ కట్ట దొరికిన శుక్రవారం రెండూ చేసేవాళ్లం. బ్రెజిల్ నుంచి వచ్చే గడ్డకట్టిన కోడిని కరిగించి పసుపు, ఉప్పు పట్టించి అరగంట ఉంచకపోతే కూర నీళ్లోడుతుంది. సెలవుకు ఇంటికెళ్లి వచ్చిన ప్రతివాడి పెట్టెలోనూ మామిడికాయ తొక్కు, సకినాలు, కారప్పొడి ఉండాల్సిందే, అవి అందరివీ. ఇప్పుడు చాలా క్యాంపుల్లో కంపెనీలే వండిన భోజనం పెడుతున్నాయి, గదివాళ్ల వంటకు వీలుండదు. అలసిపోయి వచ్చిన మనిషికి అది నిజంగా సుఖమే. కానీ అక్కడికి వచ్చిన కొత్త పిల్లలు తట్ట పట్టుకుని మంచం మీద ఒంటరిగా, ఫోను చూస్తూ తినడం చూసినప్పుడల్లా నా గుండె బరువెక్కుతుంది. అలాంటిచోట కనీసం శుక్రవారమో ఆదివారమో టీ పెట్టే వంతైనా వేసుకోమని చెబుతుంటాను.

మరో సంగతి. వంట చేసే చోటే మాటలు సాగుతాయి, ఆ మాటల్లోనే నేను నా హక్కులు తెలుసుకున్నాను. అప్పట్లో నా జీతం కవరులో పెట్టి ఇచ్చేవారు, ఒక నెల ఆలస్యం, ఒక నెల కోత. 2009లో జీతాల రక్షణ వ్యవస్థ వచ్చాక డబ్బు బ్యాంకు లేదా అనుమతి ఉన్న ఎక్స్‌చేంజి ద్వారానే రావాలి, రాకపోతే కార్మిక శాఖకు తెలిసిపోతుంది. నా పాస్‌పోర్టు మొదటి కంపెనీలో రెండేళ్లు ఆఫీసు బీరువాలో ఉంది. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం యజమాని పాస్‌పోర్టు పెట్టుకోకూడదు, తెప్పించుకున్న ఖర్చు కార్మికుడి నుంచి వసూలు చేయకూడదు. రోజుకు ఎనిమిది గంటలు పని, ఆపైన ఓవర్‌టైంకు మూల వేతనం మీద లెక్కగట్టి కనీసం నాలుగో వంతు అదనం, వారానికి కనీసం ఒక రోజు సెలవు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదు. ఆ వేళ నీడ పట్టున పడుకోవడం హక్కు, ఎవరో దయతలిచి ఇచ్చేది కాదు.

ఒప్పందం కాగితంలో మూల వేతనం అన్న గడి తప్పకుండా చూసుకోండి. పని మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ దాని మీదే లెక్క. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది. కాకకు చేతికొచ్చే జీతం బాగానే ఉండేది గానీ, అందులో ఎక్కువ భాగం అలవెన్సులుగా రాశారు. వెళ్లిపోయే రోజున ఆయన చేతిలో పెట్టిన మొత్తం చూసి గది గదంతా మూగబోయింది.

ఇంటి నుంచి కదిలే ముందు జాగ్రత్తలు ఇంకా ముఖ్యం. పదో తరగతి దాటని వాళ్లకు ఈ దేశానికి రావాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి, అది ఈ-మైగ్రేట్ ద్వారా నడుస్తుంది. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, ఆపైన జీఎస్టీ. లక్షలు అడిగేవాడు ఎవడైనా సరే, నమ్మకండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన రెండేళ్లకు 275 రూపాయలు, 10 లక్షల రక్షణ. విజిట్ వీసా మీద రప్పించి "వచ్చాక మారుస్తాం" అన్న మాట నమ్మి, ఖల్లివెల్లి (కాగితాలు లేని మనుషులు) అయిపోయి దాక్కుని బతికిన పిల్లలకు మా వంతుల్లోంచే అన్నం పెట్టాం. వాళ్లు తినేటప్పుడు తల ఎత్తేవారు కాదు. 2018లోనూ 2024లోనూ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు అలాంటి కొందరిని వెంటబెట్టుకుని వెళ్లాను. ఏ కష్టమొచ్చినా దుబాయిలోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేయొచ్చు, 80046342.

డబ్బు గురించి ఒక్క మాట. 1966 వరకు దుబాయిలో రూపాయే నడిచేది, రిజర్వు బ్యాంకు గల్ఫు కోసం వేరే నోట్లు అచ్చువేసేది. ఇప్పుడు దిర్హము విలువ డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంది. అందుకే డాలరు ముందు రూపాయి పడితే ఎక్స్‌చేంజి దగ్గర మన వాళ్ల ముఖాలు వెలుగుతాయి. ఆ వెలుగు చూసినప్పుడు నాకు మనసు నొచ్చుకుంటుంది. అక్కడ ఇంట్లో నూనె ధర, మందుల ధర పెరుగుతుంటే ఇక్కడ మనం పంపే అంకె పెరిగిందని సంతోషిస్తున్నాం. జీతమంతా పంపేయకుండా, మీ పేరు మీద కొంతైనా నిలవ ఉంచుకోండి.

2011లో మా నాయన పోయాడు. కబురు సైటులో ఉండగా వచ్చింది. టికెట్టు, సెలవు కాగితం కుదిరేసరికి దహనం అయిపోయింది, నేను వెళ్లలేకపోయాను. ఆ రాత్రి గదికి వస్తే పట్టికలో నా పేరు మీద సన్నగా గీత కొట్టి ఉంది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, ఇరుగుపొరుగు వాళ్లే అన్నం తెచ్చి పెడతారు. నా ఇల్లు ఎక్కడో ఉంది, పొయ్యి మాత్రం ఇక్కడుందని ఆ ఆరుగురూ అనుకున్నారు. పదకొండు రోజులు నా చేత గరిటె పట్టనివ్వలేదు. ఎవరో ఒకరు పళ్లెం తెచ్చి పక్కన కూర్చునేవారు. పన్నెండో రోజు పొద్దున కాక నా పేరు మళ్లీ రాశాడు. ఆ సాయంత్రం నేను వండిన పప్పు నాయనకు ఇష్టమైనది.

కాక 2019లో పూర్తిగా ఇంటికి వెళ్లిపోయాడు. 26 ఏళ్ల దుబాయి. ఇల్లు కట్టాడు, ఇద్దరాడపిల్లల పెళ్లిళ్లు చేశాడు. నేనిప్పుడు షార్జాలో ఇంకో నలుగురితో ఫ్లాటులో ఉంటున్నాను, పట్టిక అలాగే ఉంది, సెలవు మాత్రం ఆదివారానికి మారింది. కొన్నాళ్ల పాటు ఆయన నుంచి ఫోను లేదు. తర్వాత ఒక సాయంత్రం, ఇక్కడ ఏడున్నర, ఉల్లిగడ్డలు తరుగుతుండగా మోగింది. కోడలు వేళకు అన్నం పెడుతోందట, మనవలు చుట్టూ తిరుగుతున్నారట, మోకాళ్లు నొప్పులట. మూడున్నరకే మెలకువ వస్తోందట, లేచి కూర్చుంటే చుట్టూ ఎవరూ లేవడం లేదట. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

"ఇయ్యాల వంతు ఎవరిది?" అన్నాడు.

"నాదే కాకా."

"ఏం కూర?"

"పచ్చి పులుసు."

"ఉప్పు చూసెయ్యి" అన్నాడు. అప్పటి నుంచి వారానికోసారి అదే వేళకు ఫోను చేస్తాడు, ముందుగా అదే అడుగుతాడు.