కట్ట తెగితే నీరూ పోతుంది, నేలా పోతుంది

గోదావరి కాలువ కింద సార్వా, దాళ్వా పండించే మనకు చెరువు తెగడమంటే ఎక్కడో జరిగే సంగతిలా ఉంటుంది. కానీ పక్కనే ఉన్న ఏలూరు జిల్లాలో వేలేరుపాడు మండలం రైతులు ఆ కష్టం కళ్లారా చూశారు.

2024 జులై 18 రాత్రి, తెలంగాణలోని అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు మట్టికట్టకు గండిపడింది. ఆయకట్టులో ఎక్కువ భాగం మన రాష్ట్రంలోని వేలేరుపాడు, కుక్కునూరు మండలాలదే. నిండుగా ఉండాల్సిన జలాశయం ఖాళీ అయ్యింది. నీళ్లున్న చోట బురద నేల, దాని మధ్య వాగు పాయ మిగిలాయి. దిగువ పొలాల్లో ఇసుక మేటలు పడ్డాయి.

2021 నవంబరు 19న కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కూడా ఇలాగే కొట్టుకుపోయింది. అక్కడ ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదు.

మట్టికట్ట మీదుగా నీరు పొర్లకూడదు. పొర్లిందా, వెనకవైపు మట్టి కోసుకుపోయి గండి పడుతుంది. వరద జోరు తగ్గిన చోట బరువైన ఇసుక ముందు దిగుతుంది. మెత్తని ఒండ్రు ఇంకా దూరం పోతుంది. అందుకే గండికి దగ్గరున్న చేనుకే నష్టం ఎక్కువ.

మేట మూడు, నాలుగు అంగుళాల లోపయితే లోతుగా దున్ని కింది మట్టిలో కలిపెయ్యవచ్చు. అంతకు మించితే ఎత్తిపొయ్యక తప్పదు. తర్వాత చెరువు మట్టి, పశువుల ఎరువు తోలి, జీలుగ గాని జనుము గాని చల్లి, పూతకు రాగానే కలియదున్నండి. ఇసుక తీయలేని చోట, తడి అందేటట్లయితే, లంక రైతుల్లాగా దోస, పుచ్చ వేసుకోవచ్చు. మేట తీయకముందే ఫొటోలు తీయించి, రైతు సేవా కేంద్రంలో నష్టం రాయించండి. కౌలు రైతులు సాగు హక్కు కార్డు దగ్గర ఉంచుకోవాలి.

ఎర్రకాలువ, యనమదుర్రు గట్ల పక్కన పొలాలున్నవారు వానలకు ముందే గట్టు మీద ఒకసారి నడిచి రండి. ఎలుక, పీత బొరియలు, కుంగిన చోట్లు, తుప్పు పట్టిన తూము తలుపులు కనిపిస్తే నలుగురూ కలిసి అధికారులకు అర్జీ పెట్టండి. వరద వచ్చాక గడ్డపార వెతుక్కుంటే లాభం లేదు.