కాళ్లు కడిగించుకోవడమే కష్టం

మా వైపు సువార్త సభలు పెడితే దేవుడి మాట కంటే ముందు ఫ్లెక్సీలు లేస్తాయి. సెంటర్లో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ప్రసంగీకుడి ముఖం మూడడుగులుంటుంది. యేసు ప్రభువు పేరు ఓ మూలన సర్దుకుంటుంది. పేరుకు ముందు రెవరెండ్, డాక్టర్, దైవజనులు, ఈ మధ్య అపొస్తలులు కూడా. పల్లె సంఘాల్లో పాస్టరుగా చేసి రిటైరైన నాకు వాటిని చూస్తే కోపం కంటే జాలే ఎక్కువ. అంత పెద్ద ముఖం వేయించుకున్న మనిషి ఆ రాత్రి వేదిక మీద కూర్చుని ఖాళీ కుర్చీలు లెక్కపెడుతుంటాడని నాకు తెలుసు.

బయటివాళ్లకు పాస్టరంటే తెల్ల అంగీ, మైకు, 'వందనాలు అయ్యగారూ' అనే జనం. ఆ అంగీ లోపలి భయాలు కనిపించవు. పెద్ద కానుకలిచ్చే ఆసామికి కోపమొస్తే? కమిటీ ఎన్నికల్లో ఓడినవాళ్లు బిషప్పుగారికి అర్జీ పెడితే? బదిలీ అయితే పిల్లల చదువు? తాగుడు మీద ప్రసంగం రాసుకొచ్చి, ముందు వరసలో బ్రాందీ షాపు ఓనరును చూసి నోవహు ఓడ కథలోకి మళ్లిన పాస్టరొకాయన ఉన్నాడు. ఓడ దిగాక నోవహు ద్రాక్షతోట వేసి తాగి పడిపోయిన సంగతి దాకా మాత్రం వెళ్లలేదు. జనం నన్నేమనుకుంటున్నారో అన్న ధ్యాస ఒక్కటే. మెచ్చుకున్న రోజు అది గర్వం, మెచ్చుకోరేమోనన్న రోజు భయం.

ఈ రెండూ ఒకే రాత్రి ఒకే మనిషిలో చూడాలంటే యేసు శిష్యుడు పేతురు కథ చాలు. సిలువ వేయడానికి ముందు రాత్రి భోజనం దగ్గర యేసు లేచి, తువాలు నడుముకు చుట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల కాళ్లు కడిగాడు. మన పెళ్లిళ్లలో మామగారు అల్లుడి కాళ్లు కడుగుతాడు. మర్యాద ఎటునుంచి ఎటు వెళ్లాలో మనకు బాగా తెలుసు. గురువు శిష్యుడి కాళ్లు పట్టుకోవడం పేతురుకు మింగుడుపడలేదు, వద్దంటే వద్దన్నాడు. వినయంలాగే కనిపిస్తుంది గానీ, అవతలివాళ్ల చేత చేయించుకోవడం ఇష్టంలేని మొండితనం కూడా అందులో ఉందని నేననుకుంటాను. అందరూ వదిలేసినా తను వదలనని ఆ రాత్రే గొప్పగా చెప్పాడు. కోడి కూయకముందే, ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట చలి కాచుకుంటూ, ఓ పనిపిల్ల అడిగిన మాటకు బెదిరి, ఆయనెవరో తెలియదని మూడుసార్లు బొంకాడు. అలాంటివాడికే తర్వాత యేసు సరస్సు ఒడ్డున తన గొర్రెలను, అంటే తన జనాన్ని, అప్పగించాడు.

కొన్ని సంఘాల్లో గుడ్‌ఫ్రైడే ముందటి గురువారం రాత్రి పాస్టరు పన్నెండుమంది కాళ్లు కడుగుతాడు. చాలాచోట్ల ఆ పన్నెండుమందీ కమిటీ పెద్దలే. ఇంట్లో సబ్బుతో తోముకుని, పౌడరు కూడా అద్దుకుని వస్తారు! ఒక ఊళ్లో మిరపచేను కూలికి వెళ్లే ముసలమ్మను కూర్చోబెట్టాను. పగిలిన మడమలు చీర కిందికి లాక్కుని 'వద్దు అయ్యగారూ, పాపం తగుల్తది' అంది. కడగడానికి వంగిన నాకేం కష్టం లేదు, పైగా అందరూ చూస్తున్నారు. కష్టమంతా ఆమెదే.

ఇదంతా ఆలోచించినప్పుడు నాకు డోర్నకల్ బిషప్ అజరయ్య గుర్తొస్తారు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునల్వేలి జిల్లా వెల్లాలన్‌విలైలో పుట్టిన తమిళుడు. తండ్రి పల్లెటూరి చర్చి గురువు. 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీద మాల మాదిగ పల్లెలు తిరిగారు. మరుసటి ఏడు స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధుల్లో ఆసియావాళ్లు చాలా కొద్దిమంది. అజరయ్యకు అప్పుడు 35 ఏళ్లు. ఆ సభలో లేచి, మిషనరీలు భారతీయ సేవకులకు చాలా ఇచ్చారు గానీ వాళ్లతో కలిసి భోంచేయరు, వాళ్ల ఇళ్లకు రారు అని చెప్పారు. మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. మిషనరీలను పంపే దేశాల పెద్దల ముందు ఆ మాట అనడానికి ఎంత భయపడాలో, అనేశాక ఎంత గర్వపడాలో ఊహించుకోండి. కొందరు మిషనరీలకు కోపమొచ్చింది కూడా.

భారతీయుడి చేతి కింద తెల్లదొరలు పనిచేస్తారా అన్న వాదులాట నడుస్తుండగానే 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో ఆయనను బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. డోర్నకల్‌లో 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన కెథీడ్రల్ ఆయన తలపెట్టిందే. గుడి స్తంభాల పనితనం, మసీదు గుమ్మటాలు అందులో కలిసి ఉంటాయి. ఇంగ్లండు చర్చి నకలు తెచ్చి పెట్టకుండా చుట్టూ ఉన్న గుళ్ల, మసీదుల కట్టడపు విద్యను తీసుకున్నారు.

అలా తీసుకోవడం మా పాస్టర్లకు ఇంకా పూర్తిగా రాలేదు. ప్రభువు బల్ల దగ్గర అందరికీ రొట్టె ఇస్తాం, ఫలానా ఇంట్లో మంచినీళ్లిస్తే మాత్రం ఉపవాసం అంటాం. ఆ ఉపవాసం ఎందుకో ఆ ఇంటివాళ్లకు తెలియకపోదు. మొన్నామధ్య సెమినరీ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు మొదటిసారి చావు ఇంటికి వెళ్తూ బిక్కమొహం వేసుకుని నా దగ్గరికొచ్చాడు.

"ఎంతసేపు ప్రార్థన చేయాలి అయ్యగారూ?"

"వాళ్లు పొయ్యి మీద టీ మరిగించేంతసేపు చెయ్యి బాబూ. షుగరుందనో పనుందనో చెప్పి లేచి రాకు. ఆ టీ తాగి రా."