ఆగని దండోరా

2002 నవంబరు 13న బోస్టన్ నగరంలోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ వైద్యశాలలో కంప్యూటర్ల అనుసంధానం కుప్పకూలింది. కొన్ని రోజులపాటు పరీక్షల ఫలితాలు, మందుల చీటీలు కాగితాల మీదనే నడిచాయి. దీనికి మూలం సందేశాలు సుడిగుండంలో చిక్కుకొనుటయే.

పల్లెలో దండోరా వేసినట్లు, ఈథర్‌నెట్‌లో ఒక కంప్యూటరు మరొకదాని ఉనికి తెలియనప్పుడు అందరికీ చేరే ప్రకటన పంపుతుంది. ఇదే బ్రాడ్‌కాస్ట్. స్విచ్ అనే పరికరం, అది వచ్చిన ద్వారం తప్ప తక్కిన ద్వారాలన్నిటికీ దాని నకళ్ళు పంపుతుంది. ఒక తీగ తెగినా పని ఆగరాదని స్విచ్‌ల నడుమ రెండవ దారి వేస్తే, ప్రకటన చుట్టూ తిరిగి మొదటి చోటికే వస్తుంది. ఈథర్‌నెట్ సందేశానికి ఆయుఃపరిమితి లేదు. కనుక అది అలా తిరుగుతూనే ఉంటుంది. అట్టివి పేరుకొన్నకొద్దీ అసలు పనికి చోటు మిగలదు.

ఇందుకు విరుగుడుగా 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే శాస్త్రజ్ఞురాలు స్పానింగ్ ట్రీ పద్ధతిని రూపొందించారు. అది అదనపు దారులను మూసి ఉంచి, అవసరమైనప్పుడే తెరుస్తుంది. అయితే స్విచ్‌ల గొలుసు 7 అంచెలు మించరాదని నియమం. ఆ వైద్యశాలలో ఒకచోట అది 10కి చేరింది.

కావున పెద్ద అనుసంధానాన్ని చిన్న వాడలుగా విభజించి, వాటి నడుమ రౌటర్లను నిలపాలి. ఒక వాడ దండోరాను రౌటరు మరొక వాడకు పోనీయదు. బ్రాడ్‌కాస్ట్‌లకు గరిష్ఠ పరిమితి విధించే స్విచ్‌లూ ఉన్నాయి.

మన ఇళ్ళలోని చవక స్విచ్‌లలో సాధారణంగా ఇట్టి రక్షణ ఉండదు. ఒకే తీగ రెండు కొనలనూ ఒకే స్విచ్‌కు తగిలిస్తే చాలు, ఇంటి అనుసంధానమంతా స్తంభించవచ్చు. తీగ తగిలించే ముందు దాని రెండవ కొన ఎక్కడున్నదో చూచుకొనుట మంచిది.