నంబరు మీద సంతకం

డాలస్‌లో అమ్మాయి ఇంటికొచ్చిన వారానికే, తను కొనిచ్చిన ఫోను మోగింది. ఊరి కోడు మాదే, తర్వాతి మూడంకెలూ మావే. పక్కవీధివాళ్లేమో అనుకున్నా. "ఎత్తకు తాతయ్యా, రోబో!" అన్నాడు చిన్నూ, నోట్లో ఆవకాయ ముద్దతోనే. అప్పటికే ఎత్తేశాను. మీ కారు వారంటీ అయిపోతోందని ఓ గొంతు మొదలెట్టింది. నాకసలు కారే లేదు.

"మరి పక్కవీధి నంబరెలా వచ్చిందిరా?" అంటే వాడికీ తెలీదు. ఉత్తరం కవరు మీద 'ఫ్రమ్' అడ్రసు ఎవరు రాస్తారు చిన్నూ? పంపేవాడే. పోస్టుమాను అది సరిచూడడు. ఇంటర్నెట్ మీదుగా వచ్చే కాల్‌కీ అంతే. పిలిచేవాడి కంప్యూటరు ఆ గడిలో ఏ అంకెలు నింపితే అవే మన తెర మీదికొస్తాయి. దగ్గరి నంబరు కనబడితే ఎత్తుతామని వాడి లెక్క. ఎత్తాను కదా మరి!

ఇలాంటి రోబో కాల్స్ మీద అమెరికాలో చట్టం లేక కాదు, 1991 నుంచీ ఉంది. ఫ్లోరిడా ఆయనొకడు మూడు నెలల్లో 9.6 కోట్ల దొంగ నంబరు కాల్స్ చేయిస్తే, ఫోన్ల మీద పెత్తనం చేసే ఎఫ్‌సీసీ 2018లో 12 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. వెయ్యడం వరకే దాని చేతిలో ఉంది. కట్టకపోతే కోర్టుకెక్కి రాబట్టాల్సింది న్యాయశాఖ. 2015 నుంచి వేసిన జరిమానాలు 20 కోట్ల డాలర్లు దాటితే, చేతికొచ్చింది 6,790 డాలర్లేనని 2019లో వాల్‌స్ట్రీట్ జర్నల్ లెక్క తేల్చింది. ఈ లెక్కన మా ఊరి నీటి తీరువా వసూలే నయం.

2019 డిసెంబరులో ట్రేస్డ్ చట్టం వచ్చింది. కావాలని చేసే ఒక్కో దొంగ కాల్‌కీ 10,000 డాలర్ల దాకా వేయొచ్చు, ముందుగా హెచ్చరిక చీటీ ఇవ్వక్కర్లేదు. నాకు నచ్చింది మాత్రం సంతకం సంగతి. దాని పేరు స్టిర్-షేకెన్, జేమ్స్ బాండు తాగే మందు మీద ఇంజనీర్ల చమత్కారం. 2021 జూన్ 30 కల్లా పెద్ద కంపెనీలన్నీ ఇంటర్నెట్ తరహా లైన్లలో పెట్టాలన్నారు. కాల్ బయల్దేరేచోట ఫోను కంపెనీ తన రహస్య కీతో ముద్ర కొడుతుంది, చేరేచోటి కంపెనీ దాన్ని సరిచూస్తుంది. ఆ ముద్రకి మూడు గ్రేడులు: 'ఈ మనిషి నాకు తెలుసు, నంబరూ ఇతనిదే' అంటే ఏ. మనిషి తెలుసు, నంబరు సంగతి తెలీదంటే బీ. ఎక్కణ్ణుంచో వచ్చి నా గుమ్మం తొక్కిందంతే అంటే సీ. చిక్కేమిటంటే, దారిలో పాతకాలపు ఎక్స్ఛేంజి తగిలిందా, ముద్ర అక్కడే రాలిపోతుంది.

ముద్ర లేకపోయినా కూపీ లాగుతారు. నీకీ కాల్ ఎవరిచ్చారని ఈ కంపెనీని, దానికెవరిచ్చారని ఆ వెనక కంపెనీని అడుగుతూ పోతారు. దొంగ కాల్స్ ఆపడానికి ఏం చేస్తున్నదీ ప్రతి కంపెనీ ఎఫ్‌సీసీ జాబితాలో రాసివ్వాలి. పేరు కొట్టేస్తే దాని కాల్స్ మిగతావాళ్లెవరూ తీసుకోకూడదు. 2022 నవంబరులో మొదటిసారి ఒక కంపెనీని అలా కొట్టేశారు. మన పల్లెల్లో మనుషుల్ని వెలివేయడం పాపపు పనే గానీ, ఈ కంపెనీల్ని వెయ్యాల్సిందే. జరిమానా ఎగ్గొట్టొచ్చు, దారి మూసేస్తే ఎక్కడికి పోతాడు?

ఉండబట్టలేక, నాకు కాల్ వచ్చిన ఆ పక్కవీధి నంబరుకి తిరిగి చేశాను. పాపం, ఎవరో పెద్దావిడ. తన నంబరెవరో వాడుకున్న సంగతే ఆవిడకి తెలీదు. పొద్దుట్నుంచీ అలా ఫోను చేసినవాళ్లలో నేను పదకొండోవాణ్ణట. తిట్టకుండా మాట్లాడింది మాత్రం నేనేనట.