పాత కారు కన్ను గీటడం మానేస్తే...

అంబాసిడర్ ఎక్కని తెలుగువాళ్ళు మన తరంలో అరుదు. బ్రిటన్ వీధుల్లో ఎప్పుడైనా గుండ్రటి మోరిస్ మైనర్ కనబడితే "ఎక్కడో చూసినట్టుందే" అనిపించడం అందుకే. అంబాసిడర్ పుట్టింది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి. మైనర్ ఆ ఇంటి చిన్నపిల్ల. అలెక్ ఇసిగోనిస్ రూపకల్పన చేసిన ఈ కారు 1948లో విడుదలైంది. మన దేశంలో హిందుస్థాన్ మోటార్స్ దీన్నే 'బేబీ హిందుస్థాన్' పేరుతో తయారుచేసింది.

పిల్లలూ, మొదట్లో మైనర్‌కు మినుకుమినుకుమనే ఇండికేటర్లు లేవు. తలుపు పక్కన స్తంభంలోంచి చిన్న చెయ్యి ఒకటి టక్కున బయటికొచ్చి తిరిగే దిక్కు చూపేది! 1961లో ఆ చేతులు పోయి లైట్లు వచ్చాయి.

ఈ లైట్ల సంగతి ఎందుకంటే, నలభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు చేయని కార్లకు 2018 మే నుంచి ఇక్కడ ఏటా ఎం.ఓ.టి. పరీక్ష తప్పనిసరి కాదు. కారు సరిగ్గా ఉందో లేదో చూసుకునే బాధ్యత మాత్రం మనదే. మనం ఎడమకు తిరుగుతున్నాం, పక్కన సైకిల్ మీద ఒక కుర్రాడు వస్తున్నాడు. ఇండికేటర్ వెలగకపోతే అతనికి మన మనసులో మాట ఎలా తెలుస్తుంది?

ఇండికేటర్ పనిచేయకపోతే చాలామంది ముందు బల్బు, తర్వాత ఫ్లాషర్, ఆ తర్వాత స్విచ్ మార్చుకుంటూ పోతారు. మా సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఆ పద్ధతి పనికిరాదు, కారులోనూ అంతే. తప్పు ఎక్కడ లేదో ముందు తేల్చుకుంటే, ఎక్కడుందో అదే తెలుస్తుంది.

మొదటి ప్రశ్న: ఒకవైపా, రెండువైపులా? కుడివైపు బాగా వెలుగుతూ ఎడమవైపే మొరాయిస్తే, రెండింటికీ ఉమ్మడిగా ఉండే ఫ్యూజును, ఫ్లాషర్‌ను ముందుగా అనుమానించక్కర్లేదు. సగం కారు వెతికే పని తప్పింది! ఇక బల్బులు, ఆ వైపు వైర్లు, స్విచ్‌లో ఆ వైపు కాంటాక్టు చూడాలి. ఎడమవైపు వైరు ఆకుపచ్చ మీద ఎర్ర గీత, కుడివైపుది ఆకుపచ్చ మీద తెల్ల గీత.

రెండువైపులా వెలగకపోతే? వైపర్లు, పెట్రోల్ గేజీ చూడండి. అవి కూడా పనిచేయకపోతే వాటన్నిటికీ కరెంటు ఇచ్చే ఫ్యూజును పరీక్షించాలి. అవి బాగుంటే ఫ్లాషర్ వంతు. మూడు కాళ్ళున్న పాత ఫ్లాషర్ మీద బి, ఎల్, పి అక్షరాలుంటాయి. బి, ఎల్ కాళ్ళను చిన్న వైరుతో కలిపి ఇండికేటర్ వేయండి. లైట్లు ఆరకుండా వెలిగాయంటే చెడింది ఫ్లాషరే.

వెలుగుతోంది, కానీ గుడ్డిగా! ఇక్కడ దొంగ సాధారణంగా ఎర్త్. కరెంటుకు రెండు దారులు కావాలి. ఒకటి వైరు, రెండోది కారు ఇనుప బాడీ. దశాబ్దాల వాన, తుప్పు, పైపై పెయింటు ఆ రెండో దారిని మూసేస్తాయి. బల్బు హోల్డర్ నుంచి శుభ్రమైన బాడీ ఇనుముకు తాత్కాలికంగా ఒక వైరు పెట్టి చూడండి. వెలుగు పెరిగితే దొంగ దొరికినట్టే. ఎర్త్ కలిసే చోట గరుకు కాగితంతో రుద్ది, బిగించి, కాస్త వాసెలిన్ పూయండి. ఖర్చు నామమాత్రం.

వేగం మారిందా? పాత ఫ్లాషర్ తనగుండా వెళ్ళే కరెంటు వేడితోనే పనిచేస్తుంది. 21 వాట్ల బల్బులు రెండు వెలిగితే 12 వోల్టుల దగ్గర సుమారు 3.5 ఆంపియర్లు. ఒక బల్బు పోతే అది సగమవుతుంది, మినుకు తీరు మారిపోతుంది. ఎల్.ఇ.డి. బల్బులు పెట్టినా ఇదే చిక్కు. వాటికి తగిన ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ కావాలి. పైగా చాలా మైనర్లలో బ్యాటరీ పాజిటివ్ వైపు బాడీకి కలిపి ఉంటుంది కాబట్టి దానికి సరిపోయే రకమే కొనాలి.

రెండు జాగ్రత్తలు: వైర్లు విప్పే ముందు బ్యాటరీ తీగ తీసేయండి. ఇంజన్ ఆపి ఉంచి ఇగ్నిషన్ ఎక్కువసేపు ఆన్‌లో ఉంచకండి, కాయిల్ వేడెక్కుతుంది.

ఈ పనిలో పిల్లలకూ ఉద్యోగం ఉంది. ఒకరు కారు వెనక నిలబడి వెలిగిందీ లేనిదీ చెప్పాలి. ఇంకొకరు గడియారం పట్టుకుని లెక్కపెట్టాలి. నిమిషానికి 60 నుంచి 120 సార్లు మినుకుమంటే ఇండికేటర్ ఆరోగ్యంగా ఉన్నట్టు. మూడోవారు ప్రతి పరీక్ష ఫలితాన్నీ నోట్‌బుక్‌లో రాయాలి. ఊహించడం వేరు, పరీక్షించి తెలుసుకోవడం వేరని చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనబడలేదు. బడిలో గీసిన సర్క్యూట్ బొమ్మ కళ్ళెదుట కన్ను గీటుతుంటే ఏ పిల్లలు మాత్రం మరచిపోతారు?