పాత మోటారుబండ్ల సంరక్షణము

తాతగారు మక్కువతో కొన్న మోటారుబండి మనుమల కాలమునకు బరువుగ తోచుట లోకసహజము. నిత్యము నడుపుటకు వీలుండదు. అమ్మబోయిన కొనువారు అరుదు. అట్టి బండ్లను బాల్యమున వీధులలో చూచి ముచ్చటపడినవారే పెద్దవారైన పిదప వాటిని వెదకి కొనెడివారు. ఆ తరము తగ్గినకొలది గిరాకియు తగ్గుచున్నది. తుదకు పాతయినుము వర్తకుడు వచ్చి తూకము లెక్కన వెల కట్టును. ఆదోనిలోనో, ఎమ్మిగనూరులోనో ఒక ఇంటి షెడ్డులో అట్టి బండ్లు రెండు మూడున్నచో వాటిని నిలుపుకొనుట ఎట్లు?

మొదట ఆ బండ్ల ప్రత్యేకత ఏమో తెలియవలెను. నేటి కార్లు ఒకే అచ్చున వేలకొలది దిగుచున్నవి. రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము మేలురకపు కార్ల పద్ధతి వేరు. కర్మాగారము ఇంజనును, చక్రములను, అడుగుచట్రమును మాత్రమే ఇచ్చెడిది. పైభాగమును కొనువారి ఇష్టానుసారము వేరొక సంస్థ కట్టెడిది. మద్రాసులో 1840లో స్థాపితమైన సింప్సన్ సంస్థ గుఱ్ఱపుబండ్లతో ఆరంభించి, తరువాత మోటారుబండ్ల పనికి దిగినది. ఆదోని తాలూకా 1953 వరకు బళ్లారి జిల్లాలో, మద్రాసు రాష్ట్రమున ఉండెను గనుక, ఆ మద్రాసే నాడు మనకును రాజధాని.

ఇట్టి నిర్మాణమునకు తెలుగునాట ప్రసిద్ధమైన ఉదాహరణము నిజాముల రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ దానిని కోరి చేయించిరి గాని, 1911లోనే ఆయన దివంగతులైరి. బార్కరు సంస్థవారు దానికి పసుపువన్నె దేహమును కట్టి, వెనుక భాగమున సింహాసనము వంటి ఎత్తైన పీఠమును అమర్చిరి. నేడది హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున ప్రదర్శింపబడుచున్నది. అట్టి ఇంజను మరొకచోట దొరకవచ్చును. ఆ పీఠముగల దేహము మరల దొరకదు. కావున ముందుగా కాపాడవలసినది పైదేహము.

మన సీమ గాలి పొడిది. త్రుప్పు విషయమున ఇది మేలే. కాని వేసవి ఎండకు రబ్బరు పగులును, దేహము లోపలి కఱ్ఱచట్రము ఎండి కీళ్లు వదులగును. బండిని నీడపట్టున, గాలి ఆడుచోట నుంచవలెను. ప్లాస్టిక్ పట్టా కప్పినచో తేమ లోపల నిలుచును, నూలుగుడ్డ మేలు. చాలకాలము కదలనిచో చట్రము క్రింద కొయ్యదిమ్మెలు పెట్టి టైర్లపై బరువు తీయవలెను. బ్యాటరీ తీగలను విప్పవలెను. మెత్తలలో ఎలుకలు గూడు కట్టకుండ తరచు చూడవలెను.

పెట్రోలు విషయమున నేడొక క్రొత్త చిక్కు కలదు. దానిలో నూటికి 20 పాళ్ల వరకు ఇథనాలు కలుపుచున్నారు. అది తేమను పీల్చును, పాత రబ్బరు గొట్టములను చెరచును. కావున బండిని నిలుపునపుడు టాంకిని ఖాళీ చేసి, గొట్టములను ఇథనాలుకు తట్టుకొను రకముతో మార్పించుట మంచిది. నడుపు బండి ఇంజనును రెండు నిమిషములు త్రిప్పి ఆపరాదు; లోపల చేరిన తేమ ఆవిరియై పోవునంతవరకు వేడెక్కనీయవలెను. నేయక మూలబెట్టిన మగ్గము మేలుగ నుండదని ఎమ్మిగనూరు నేతగాండ్రకు వేరుగ చెప్పనక్కరలేదు.

చట్టమును కూడ ఎరుగవలెను. 2021 నాటి కేంద్రప్రభుత్వ నియమముల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటి, చట్రము, దేహము, ఇంజను పెద్దగా మార్పు చెందని బండ్లకు ‘వి.ఎ.’ అను అక్షరములతో ప్రత్యేక రిజిస్ట్రేషను లభించును. రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏండ్లు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు నడుపవచ్చును గాని, నిత్యోపయోగమునకు, బాడుగకు వీలులేదు. తొందరపడి ఆధునికముగ మార్చినవారు ఈ అర్హతను కోల్పోవుదురు.

అన్నదమ్ముల పంపకమున బండ్లన్నియు తలకొకటిగ చీలి, తలుపొకచోట, దీపమొకచోట చేరుట కంటె విచారకరమైనది లేదు. అన్నిటిని పోషింపలేనిచో, దేహము చెక్కుచెదరని బండినొకదానిని ఎన్నుకొని, తక్కినవి ఓపికగలవారికి పూర్తిగ అప్పగించుట ఉత్తమము. కొన్న రశీదులు, పాత ఫోటోలు, మరమ్మతు లెక్కలు బండితోపాటే ఉండవలెను. వాటి కథ తెలిసిన పెద్దలున్నపుడే వ్రాసికొనవలెను. గిరాకి పెరుగుట, తగ్గుట మన చేతిలో లేవు. చరిత్ర తెలిసిన బండి పాతయినుము కాకుండ చూచుట మన చేతిలోనే ఉన్నది.